స్కానర్ మాటే ఫైసలానా?

మొన్నటి వానల్లో మా ఖాలా కొడుకు కారు మొండికేసింది. పదేళ్ల పాత బండి. దాన్ని అద్దెకు తిప్పుకుంటూనే ముగ్గురు పిల్లల ఫీజులు కడుతున్నాడు. ఏబీఎస్ లైటు వెలిగింది, స్పీడు ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. ఓ పెద్ద వర్క్‌షాపులో స్కానర్ పెట్టి 'యూ0121' అనే కోడ్ చూపించారు. "ఏబీఎస్ యూనిట్ పోయింది, మార్చాలి, 45 వేలు అవుతుంది" అన్నారు. ఆ రాత్రి ఫోన్ చేసి, "భాయ్‌జాన్, ఇంట్లోవాళ్ల గాజులు కుదువ పెట్టనా?" అని అడిగాడు.

ఆ కోడ్‌కు అసలు మానీ ఏమిటో చూడండి. 'ఏబీఎస్ యూనిట్‌తో మాట కలవడం లేదు' అని. ఈ షికాయత్ చేస్తున్నది బండిలోని మిగతా యూనిట్లు. ఏబీఎస్ చచ్చిపోయిందని అవి అనడం లేదు, దాని ఆవాజ్ మాకు వినపడడం లేదంటున్నాయి, అంతే. ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో చిచ్చా రెండ్రోజులు జవాబివ్వకపోతే కఫన్ కొనడానికి బయల్దేరుతామా? చార్జింగ్ అయిపోయిందేమో, నెట్ లేదేమో అనుకుంటాం. మనిషిని పంపి కనుక్కుంటాం. బండి విషయంలో మాత్రం గవాహీ వినగానే ఫైసలా రాసేస్తున్నాం.

ఈ మాటలు నడిచే దారి పేరు 'క్యాన్'. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో దీన్ని లోకానికి చూపించింది. ఒకదానికొకటి మెలేసిన రెండు వైర్లు. ఇంజిన్, బ్రేకు, మీటరు, అన్నీ ఆ రెండింటి మీదే మాట్లాడుకుంటాయి. చక్రాల వేగం ఏబీఎస్ నుంచి మీటరుకు వెళ్లేదీ చాలా బండ్లలో ఈ దారినే. అందుకే ఒక్క చోట మాట తెగితే ముల్లు కూడా పడిపోయింది. ఈ దారికి రెండు చివరలా 120 ఓమ్స్ రెసిస్టర్ ఒక్కోటి ఉంటుంది. రెండూ కలిసి 60 చూపించాలి.

నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. రెసిస్టెన్స్‌ను 'ముజాహమత్' అని నేర్పారు మా మాస్టర్ సాబ్. 120, 120 పక్కపక్కన కలిపితే 60 అన్న లెక్క మా పరీక్షలో వచ్చేదే. ఆ లెక్కకూ మన షెడ్లలోని బండ్లకూ రిష్తా ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

గాజులు తియ్యొద్దని చెప్పి, మా మొహల్లాలోని ముసలి ఉస్తాద్ దగ్గరికి బండిని పంపాను. ఆయన ముందు బ్యాటరీ చూశారు. వోల్టేజీ పడిపోయినా ఇలాంటి కోడ్లు వస్తాయట. అది బాగానే ఉంది. బ్యాటరీ వైరు విప్పి, కాసేపు ఆగి, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే చోట 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టారు. 60 రావాలి, 120 వచ్చింది. "సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ అంటుకున్నట్టు. 120 వస్తే ఒక చివర తెగినట్టు" అన్నారు. ఆ బండిలో ఒక చివర ఏబీఎస్ యూనిట్ లోపలే ఉంది. దాని కప్లర్ విప్పితే నీళ్లు దిగి, ఒక పిన్ను పచ్చగా చిలుమెక్కి విరిగిపోయి ఉంది. పిన్ను మార్చారు, మీటరు 60 చూపించింది. పాత కోడ్ చెరిపి బండి నడిపితే మళ్లీ రాలేదు. యూనిట్ సలామత్‌గా ఉంది.

స్కానర్ దండగ అనడం లేదు. ఎక్కడ వెతకాలో చెప్పేది అదే. నిజంగానే యూనిట్ పోయే సందర్భాలూ ఉంటాయి. కొన్ని బండ్లలో ఆ పిన్నుల వెనుక గేట్‌వే ఉంటుంది కాబట్టి అక్కడ 60 కనిపించకపోవచ్చు. అప్పుడు ఆ మోడల్ వైరింగ్ డయాగ్రం చూడాల్సిందే. ఏబీఎస్ లైటు వెలిగితే లాపర్వాగా తిరగమనీ కాదు. మామూలు బ్రేకు పడుతుందేమోగానీ, తడి రోడ్డు మీద చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడేది ఉండదు.

నా అర్జీ ఇద్దరికి. బండి యజమానులకు: యూనిట్ మార్చాలంటే మూడు సవాళ్లు అడగండి. బ్యాటరీ చూశారా? యూనిట్‌కు కరెంటు, ఎర్త్ అందుతున్నాయా? క్యాన్ వైర్లు కొలిచారా? జవాబు లేకుండా పైసా ఇవ్వొద్దు.

ఉస్తాద్‌లకు: ఇంజిన్ ఆవాజ్ విని మర్జ్ చెప్పే హునర్ మీది. కానీ ఈ మర్జ్‌కు ఆవాజ్ లేదు. మన మొహల్లాల్లో ఎన్ని ఇళ్లు స్పానర్ మీద బతుకుతున్నాయో మీకు తెలుసు. ఇంగ్లీషు డయాగ్రం చదవలేక, "ఇది కంపెనీకి తీసుకెళ్లండి" అని గిరాకీని తిప్పి పంపే షాగిర్ద్ రేపు ఏం తింటాడు? మొహల్లా కమిటీ హాలులో వారానికి ఒక సాయంత్రం, ఒక మల్టీమీటర్, ఒక పాత వైరింగ్, తెలుగులోనో ఉర్దూలోనో చెప్పే ఒక ఉస్తాద్ ఉంటే చాలు. జల్సాకు షామియానా వేయించే ఖర్చులో ఇది ఎంత?

మా ఉస్తాద్ ఆరోజు 1,200 తీసుకున్నారు. పక్కన నిలబడ్డ షాగిర్ద్ పిల్లాడి చేతికి మీటరు ఇచ్చి, ఇంకోసారి కొలవమన్నారు.