ఇసుకలో ఉంది... చేతికి రాదు!
నియోడైమియం లెక్క తేలేది గనుల్లో కాదు, శుద్ధి కర్మాగారాల్లో

చిక్కడపల్లి: నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్ స్టడీహాళ్లలోనూ పోటీ పరీక్షలకు చదివే అభ్యర్థులకు విరళ మృత్తిక లోహాలు కొత్త కావు. ఒకప్పుడు రసాయనశాస్త్రానికే పరిమితమైన ఈ అంశం, 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు లోహాల ఎగుమతిపై ఆంక్షలు విధించడంతో వర్తమాన వ్యవహారాల్లోకి వచ్చి చేరింది. ‘మన తీరంలో నిల్వలున్నాయి, తవ్వితే చాలు’ అన్న జవాబు మాత్రం సగమే నిజం.

వీటిలో అత్యధికంగా అక్కరకొచ్చేది నియోడైమియం. పరమాణు సంఖ్య 60. వెండిలా మెరిసే ఈ లోహం గాలి తగిలితే త్వరగా మసకబారుతుంది. ఇనుము, బోరాన్‌తో కలిస్తే మాత్రం నేడు వాడుకలో ఉన్న వాటిలో అత్యంత శక్తిమంతమైన శాశ్వత అయస్కాంతమవుతుంది. నారాయణగూడలోని సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణంలో విప్పిన బుల్లి స్పీకరు స్క్రూడ్రైవరుకు అతుక్కుపోవడానికి కారణం అదే. విద్యుత్ కారు మోటారుకైతే ఇలాంటి అయస్కాంతాలు కిలో, రెండు కిలోలు కావాలి.

పేరుకు విరళమే గానీ, భూమి పైపొరలో సీసం కంటే నియోడైమియమే ఎక్కువ. చిక్కంతా విడదీయడంలో ఉంది. ఈ లోహాల పరమాణువులు పరిమాణంలోనూ, రసాయన స్వభావంలోనూ దాదాపు ఒకే తీరు. 1841లో కనుగొన్న ‘డిడీమియం’ను నాలుగు దశాబ్దాలకు పైగా ఒకే మూలకమని భ్రమించారు. అది రెండు లోహాల మిశ్రమమని 1885లో ఆయర్ వాన్ వెల్స్‌బాక్ తేల్చాడు. పెళ్లి ఊరేగింపుల్లో వెలిగిన పెట్రోమాక్స్ దీపాల మేంటిల్ కూడా ఆయన చలవే. నేటికీ ఒక్కో లోహాన్ని వేరు చేయాలంటే ద్రావణాలను వందల దశల్లో వడగట్టినట్టు నడిపించాలి. శుద్ధిలో ప్రపంచ సామర్థ్యం సుమారు 90 శాతం చైనా చేతిలో ఉండటం గమనార్హం.

మన మాటకొస్తే, భీమునిపట్నం సహా ఆంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. బేగంపేట కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల సంచాలనాలయం దేశవ్యాప్తంగా 1.315 కోట్ల టన్నుల మోనజైట్‌ను అంచనా కట్టింది. అందులో థోరియం ఉన్నందున అణుశక్తి నిబంధనలు తప్పవు. పైగా అయస్కాంతం వేడికి తట్టుకోవడానికి కలిపే డిస్ప్రోసియం మన మోనజైట్‌లో నామమాత్రమే.

నైపుణ్యం లేదనడానికి వీల్లేదు. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల పరిజ్ఞానంతో విశాఖలో ఏడాదికి 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు చేసే కర్మాగారాన్ని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. అయితే అది కిలోల లెక్క. పరిశ్రమకు కావలసింది టన్నులు.

ఆ లోటు పూడ్చడానికి కేంద్ర మంత్రివర్గం 2025 నవంబరు 26న రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. లక్ష్యం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాలు. వాటి బరువులో మూడో వంతు దాకా నియోడైమియం వర్గపు లోహాలే ఉంటాయి. అంటే 1,800 టన్నులకు తగ్గకుండా కావాలి. దేశంలో ఏటా తీస్తున్న అన్ని విరళ మృత్తికల ఆక్సైడ్లు కలిపితే 2,900 టన్నులు. అందులో నియోడైమియం వాటా సుమారు ఐదో వంతు.