కోడ్ సరే, మాట సంగతేంటి?

మన క్లబ్‌లో కథలు, కవితలు రాసేవాళ్ళున్నారు. పక్క ల్యాబ్‌లో ఏఐ ఏజెంట్లు కట్టేవాళ్ళున్నారు. ఈ రెండు గుంపుల మధ్యా పెద్దగా మాటల్లేవు. కానీ ఇప్పుడు ఏజెంట్లు కట్టేవాళ్ళకి రాసేవాళ్ళతో పనిపడింది. ఎందుకో చెప్తాను.

బ్రౌజర్‌ని నడిపే ఏజెంట్ అంటే, "ఈ ఫారం నింపు" అని చెప్తే మనలాగే పేజీ తెరిచి, లింకులు నొక్కి, బాక్సుల్లో టైప్ చేసే ప్రోగ్రామ్. ఆలోచించేది లాంగ్వేజ్ మోడల్. దానికి చేతులు మాత్రం మనం రాసిన ఫంక్షన్లు. వాటినే టూల్స్ అంటాం. ఒక్కో టూల్ గురించి మోడల్‌కి ముఖ్యంగా మూడు సంగతులు పంపుతాం: పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్‌ల స్కీమా. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ)లోనూ ఇదే పద్ధతి. ఫంక్షన్ లోపలి కోడ్ మోడల్‌కి కనబడదు. ఆ రెండు మూడు వాక్యాలు చదివే అది నిర్ణయం తీసుకోవాలి.

మరి మనం ఏం రాస్తున్నాం? కోడ్‌కి నాలుగు రాత్రులు, డిస్క్రిప్షన్‌కి నాలుగు సెకన్లు. "టెక్స్ట్ టైప్ చేస్తుంది" అని రాసేసి చేతులు దులుపుకుంటాం. బాక్సులో ముందే ఏదైనా ఉంటే దాన్ని చెరిపి కొత్తది రాస్తుందా, లేక పాతదాని చివర అతికిస్తుందా? టైప్ చేశాక ఎంటర్ కూడా నొక్కుతుందా? ఇవి చెప్పకపోతే ఫోన్ నంబర్ బాక్సులో ఇరవై అంకెలు పడినా ఆశ్చర్యం లేదు.

బాగా రాసింది ఎలా ఉంటుందో చూడాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ప్లేరైట్ ఎంసీపీ చూడండి. పేజీని చూడ్డానికి అందులో రెండు టూల్స్ ఉన్నాయి. స్నాప్‌షాట్ టూల్ పేజీలోని బటన్లు, లింకులు, బాక్సుల్ని అక్షరాల రూపంలో, ఒక్కోదానికి ఒక గుర్తుతో ఇస్తుంది. స్క్రీన్‌షాట్ టూల్ ఫొటో తీస్తుంది. ఈ రెండోదాని డిస్క్రిప్షన్‌లో, స్క్రీన్‌షాట్‌ని బట్టి క్లిక్ లాంటి పనులు చేయలేవు, వాటికి స్నాప్‌షాట్ వాడు అని సూటిగా చెప్పారు. ఏం చేస్తుందో చెప్పి ఆగిపోలేదు. ఎప్పుడు వాడకూడదో, బదులు ఏది వాడాలో కూడా చెప్పారు. మన ప్రాజెక్టుల్లో లేనిది సరిగ్గా ఇదే.

నా లెక్కలో ప్రతి డిస్క్రిప్షన్ అయిదు ప్రశ్నలకి జవాబివ్వాలి. ఏం చేస్తుంది? ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వద్దు? ప్రతి ఇన్‌పుట్‌కీ అర్థం ఏమిటి? తిరిగి ఏమిస్తుంది? వెనక్కి తీసుకోలేని పని ఏదైనా ఉందా? తేదీ అనేది స్ట్రింగ్ అని స్కీమాలో రాసి వదిలేస్తే, 05/06/2025 అంటే జూన్ అయిదా, మే ఆరా? అది ఎవరు చెప్పాలి?

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఏజెంట్ పరీక్ష ఫీజు కడుతోందనుకోండి. "పే" బటన్ నొక్కింది, టైమవుట్ వచ్చింది. టూల్ "ఎర్రర్" అని మాత్రమే చెప్తే మోడల్ ఏం చేస్తుంది? మళ్ళీ నొక్కచ్చు. ఫీజు రెండుసార్లు కట్ అవ్వచ్చు. "టైమవుట్ వచ్చినా క్లిక్ జరిగిపోయి ఉండొచ్చు, మళ్ళీ నొక్కేముందు పేజీ చూడు" అన్న ఒక్క వాక్యం ఇక్కడ డబ్బు కాపాడుతుంది. అలాగని అంతా వాక్యానికే వదిలేయకూడదు. డబ్బు కట్టే చోట మనిషిని అడిగే స్టెప్ కోడ్‌లోనే ఉండాలి.

"మోడల్స్ రోజురోజుకీ తెలివి మీరుతున్నాయి కదా, అవే అర్థం చేసుకుంటాయిలే" అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మీ ఫంక్షన్ పాత టెక్స్ట్ చెరుపుతుందో లేదో మీ కోడ్‌లో ఉన్న సంగతి. చూపించని కోడ్‌ని ఎంత తెలివైనవాడైనా ఊహించగలడే గానీ చదవలేడు. "ఇది తీసిపెట్టు" అని ఇంట్లో అమ్మ అంటే దాచమనో, పక్కన పెట్టమనో మనకి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. మోడల్‌కి ఆ సందర్భం మనమే రాయాలి.

అలాగని పేజీలకి పేజీలు రాయమని కాదు. డిస్క్రిప్షన్లన్నీ సంభాషణతో పాటే మోడల్ ముందుకెళ్తాయి, టోకెన్లు తింటాయి. ముప్పై టూల్స్‌కి ముప్పై వ్యాసాలు రాస్తే అసలు మాట అందులో మునిగిపోతుంది. కథలో అనవసరమైన వాక్యం కొట్టేయడం తెలిసినవాళ్ళు ఇక్కడే పనికొస్తారు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన చాలామంది, "ఇంగ్లీష్‌లో రాయడం మనవల్ల కాదు" అని ఈ పని పక్కవాడికి వదిలేస్తున్నారు. ఇందులో గొప్ప ఇంగ్లీష్ అక్కర్లేదు, చిన్న చిన్న వాక్యాలు చాలు. ముందు ఆ అయిదు జవాబులూ తెలుగులో రాసుకోండి. తెలుగులో తేలని సంగతి ఇంగ్లీష్‌లోనూ తేలదు. అక్కడ తడబడితే లోపం మీ ఇంగ్లీష్‌ది కాదు, ఆ టూల్ ఏం చేయాలో మీరింకా తేల్చుకోలేదన్నమాట.

పరీక్ష కూడా సులువే. కోడ్ చూపించకుండా డిస్క్రిప్షన్ మాత్రం వేరే బ్రాంచి ఫ్రెండ్‌కి ఇవ్వండి. వాడు అడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు అందులో చేర్చండి. ఏమీ అడగకుండా పొరపాటుగా అర్థం చేసుకున్నాడా, ఆ వాక్యం మార్చండి.

ఈ సెమిస్టర్ ప్రాజెక్ట్ రివ్యూలకి ముందు ఒక శనివారం ల్యాబ్ వాళ్ళు తమ టూల్స్ పట్టుకుని మన క్లబ్ మీటింగ్‌కి రావాలని నా ప్రతిపాదన. ఎర్ర పెన్నులు మనం తెస్తాం.