ఎల్బీ అంటే ఏంది?

దసరా సెలవులకు వచ్చిన మనవరాలిని వెంటబెట్టుకుని ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్ దాకా పోవాలి, మూడో స్టేషనే. ఐదో తరగతి పిల్ల. తలుపు పైనున్న స్టేషన్ల పేర్లన్నీ గట్టిగా చదివేసి, "తాతా, ఎల్బీ అంటే ఏంది?" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. "ఎల్బీ అంటే ఎల్బీయే బిడ్డా, మనూరి పేరు" అనేసి కిటికీవైపు తిరిగాను.

తెలియక కాదు. బద్ధకం. రేషన్ కార్డు మీద, గ్యాస్ బుక్కు మీద, ఈ పత్రికకు వచ్చే కవర్ల మీద ముప్పయ్యేళ్లుగా చూస్తున్న రెండక్షరాలు. నేటి పిల్లలకు విలువలు తెలియడం లేదని వాపోయే వ్యాసం మా టపాలో వారానికొకటైనా ఉంటుంది. కొన్ని అచ్చువేశాం కూడా. ఆ వ్యాసాలు రాసే వయసువాణ్ని నేనే, పిల్ల నోరు తెరిచి అడిగితే చెప్పలేదు.

ఎల్బీ అంటే లాల్ బహదూర్. శాస్త్రిగారు. 1956 సెప్టెంబరులో, ఇంకా ఆంధ్రప్రదేశ్ ఏర్పడక ముందు, మన జడ్చర్ల – మహబూబ్‌నగర్ మధ్య వానలకు వంతెన దెబ్బతిని రైలు పడిపోయింది. వందమందికి పైగా పోయారు. అప్పుడాయన కేంద్ర రైల్వే మంత్రి. రాజీనామా ఇచ్చారు, నెహ్రూ తీసుకోలేదు. మూడు నెలలు తిరక్కుండానే, నవంబరులో, మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో రైలు. మళ్లీ వరదే, మళ్లీ వందకు పైగా శవాలు. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి వెనక్కి తగ్గలేదు. తప్పు ఆయనది కాదని పార్లమెంటులో చెబుతూనే, పదవిలో ఉన్నవాళ్లకు ఒక ఒరవడిగా ఉంటుందని నెహ్రూ దాన్ని ఆమోదించారు.

వాన కురిపించింది శాస్త్రి కాదు, ఆ వంతెన కట్టిందీ ఆయన కాదు. అయినా చచ్చిపోయినవాళ్లు తన రైల్లో ఎక్కినవాళ్లని అనుకున్నారు. దీన్ని పదేళ్ల పిల్లకు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చైతన్యపురి వచ్చేలోపు అయిపోతుంది. శాస్త్రిగారు అప్పు చేసి కారు కొన్న కథ మాత్రం వాట్సాప్‌లో నాకు ఏడాదికి నాలుగుసార్లయినా వస్తుంది. మంచి కథే. రాజీనామా కథ ఎవరూ పంపరు. ఒకరి నిజాయితీకి చప్పట్లు కొట్టడం తేలికే, "నాదే బాధ్యత" అని తలొంచుకోవడం దగ్గరే మనకు చిక్కు. ఇంట్లో గ్లాసు పగిలితే పిల్లవాణ్ని "ఎవరు పగలగొట్టిన్రు?" అని నిలదీస్తాం గాని, మన చేతిలోంచి జారిన రోజున నేల తడిగా ఉందంటాం.

ఎల్బీ తర్వాత స్టేషన్ విక్టోరియా మెమోరియల్. స్థానికులకది వీఎం హోమ్, అదీ రెండక్షరాలే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ విక్టోరియా రాణి పేరు మీద తన సరూర్‌నగర్ మహలును అనాథ పిల్లలకు ఇచ్చిన చోటు. పొద్దున్నే అక్కడి మైదానంలో వాకింగ్ చేసేవాళ్లలో చాలామందికి ఆ వీ ఎవరో పట్టదు. ఈ కథ నీతి పాఠంలా చక్కగా ఒదగదు. దొరతనానికి విధేయత, దిక్కులేని పిల్లలకు నీడ, రెండూ ఒకే గోడల మధ్య ఉన్నాయి. ఒకటి చెప్పి ఒకటి దాచితే కథ నున్నగా అవుతుంది, అబద్ధం కూడా అవుతుంది. పిల్లలు రెండింటినీ మోయగలరు. మోయలేనిది మనమే.

మా చిన్నప్పుడు టైంటేబుల్లో నీతిబోధ అని వారానికొక పీరియడ్ ఉండేది. లెక్కల మాస్టారు దాన్ని తీసేసుకునేవారు. అందుకు నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు, ఇలాంటి కథలు చెప్పడానికి పీరియడ్ అక్కర్లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల నిండా ర్యాంకులు, ఫొటోలు. సందులో ఒక లేడీస్ హాస్టల్ గేటు దగ్గర ఒక కుటుంబం. వాళ్ల బ్యాగు మీద నల్లగొండ బట్టల దుకాణం పేరుంది. పచ్చడి డబ్బా మూత ఊడకుండా కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసింది తల్లి. తండ్రి అంగీ లోపలి జేబులోంచి నోట్లు తీసి రెండుసార్లు లెక్కపెట్టి, మూడోసారి కూతురి చేతికిచ్చి లెక్కపెట్టమన్నాడు. "పైసలకు రంది పడకు బిడ్డా, మంచిగ చదువుకో" అన్నాడు. ఆ పైసలు పత్తి మీద వచ్చినయో, మిత్తికి తెచ్చినయో ఆయన చెప్పలేదు. ఆ అమ్మాయి అడగలేదు. ప్రేమకొద్దీ దాచాడు, నాకు తెలుసు. మా నాయనా అట్లనే దాచాడు. ఆయన పోయాక ప్రామిసరీ నోట్లు బయటపడితేగాని నా చదువు ఖరీదు నాకు తెలియలేదు. ఆయనతో కూర్చుని ఒక్కసారైనా ఆ లెక్క చూసి ఉంటే నేను ఇంకొంచెం మంచి కొడుకునయ్యేవాణ్నేమో.

తిరుగు ప్రయాణంలో ఎల్బీ నగర్ చౌరస్తాలో విగ్రహం దగ్గర పిల్ల ఆగింది. అక్కడున్నది శ్రీకాంతాచారి. 2009 నవంబరు 29న, ఇదే కూడలిలో, ప్రత్యేక రాష్ట్రం కోసం ఆత్మాహుతికి పూనుకుని, డిసెంబరు 3న కన్నుమూసిన యువకుడు. "తెలంగాణ కోసం పానమిచ్చిండు" అని ఒక్క ముక్కలో చెప్పి దండం పెట్టించడం మనకు అలవాటు. చుట్టుపక్కల హాస్టళ్లలో వేలమంది పిల్లలు ర్యాంకు రాదేమోనన్న దిగులుతో పడుకునే చోట ఆ ఒక్క ముక్కతో ఆపడం ప్రమాదమని నా భయం. అతని తెగువను తక్కువ చేయనక్కర్లేదు. కానీ అతను బతికుంటే ఇవాళ నలభై దరిదాపుల్లో ఉండేవాడని, 2014 జూన్ 2న వచ్చిన రాష్ట్రాన్ని కళ్లారా చూసేవాడని, అతని తల్లికి ఏ రాష్ట్రమూ ఆ లోటు తీర్చలేదని, బతికి ఉద్యమం చేసినవాళ్ల వల్లే ఆ పని పూర్తయిందని కూడా చెప్పాలి. నేను చెప్పాను. చెప్పడం సరిగా రాలేదు. "మరి ఎవరూ వద్దని చెప్పలేదా తాతా?" అంది. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదనే చెప్పాను.

ఇంటికొచ్చాక ఎల్బీ సంగతి కూడా చెప్పాను. వంతెన ఎందుకు పడిందని అడిగింది, ఇద్దరం పటంలో జడ్చర్ల వెతికాం.

పాఠకులకూ అధికారులకూ ఒక మనవి. మెట్రో స్టేషన్ బోర్డు మీద, బస్సుల మీద, ఈ పేటకు సంబంధించిన ప్రతి ప్రభుత్వ కాగితం మీద లాల్ బహదూర్ నగర్ అని పూర్తిగా రాయించండి. వచ్చే నెల నుంచి మా పత్రిక చిరునామాలో అలాగే అచ్చువేస్తున్నాం.