విత్తనముతో పాటు పొదుపును కూడ పంచవలెను

మధిర వ్యవసాయ పరిశోధన స్థానము ఇచ్చిన మధిర పెసర 295, మధిర మినుము 207 రకములు మన రైతులు ఎరిగినవే. విత్తనము విషయమున ఆ క్షేత్రము మాటను నమ్ముచున్నాము. నీరు, కరెంటు, చెత్తల పొదుపులో కూడ విశ్వవిద్యాలయ ప్రాంగణములే మనకు దారి చూపవలెనని నా అభిప్రాయము.

2018 జనవరి 1న తెలంగాణలో సేద్యపు మోటార్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. మేలే; కాని బిల్లు లేనిచోట లెక్కయు ఉండదు. తడి చాలిన తరువాత 5 గుర్రపు బలముల మోటారు ఒక గంట తిరిగినచో సుమారు 4 యూనిట్లు వృథా. కరెంటు సర్కారు ఇచ్చును. ఎండిన బోరుకు నీరెవరు ఇత్తురు?

కావున ప్రతి ప్రాంగణపు గేటు వద్ద ఒక నల్లబల్ల ఉండవలెను. ఈ నెల మోటారు తిరిగిన గంటలెన్ని, కాలిన యూనిట్లెన్ని, హాస్టలు వంటశాల చెత్త, రాలిన ఆకు కలిపి కంపోస్టు గుంటకు చేరినవి ఎన్ని బండ్లు అని దానిపై వ్రాయవలెను. మీటర్లకు డబ్బేదని కొందరు అనవచ్చును. గంటలు లెక్కించుటకు గడియారము చాలును.

పంచాయతి కార్యదర్శులు కూడ ఊరి బోరు వద్ద ఇట్టి బల్ల పెట్టింతురు గాక. ఆ అంకెలు చూచిన రైతు తన మోటారు గంటలను తానే లెక్కించుకొనును.