సున్నము పడిన కన్ను

ఆకువక్కల అలవాటు మన ఇండ్లలో తగ్గినదంటారు గాని, అవ్వల తమలపాకుల పెట్టె యింకా కనబడుతూనే వున్నది. దానితోబాటు సున్నం. అంగళ్ళలో పొట్లాలుగా గూడ దొరుకుతున్నది. పిల్లలు దాన్ని నొక్కి ఆడుతూంటే పగిలి కంట్లో చిమ్ముతుంది. మన దేశంలో పసివాండ్ల కండ్లు కాలడానికి యిదొక ముఖ్యకారణం. అట్లు జరిగితే ఆముదం, తల్లిపాలు అంటూ కాలయాపన చేయక, వెంటనే కుళాయినీటితో అరగంటసేపు కడిగి, కంటి ఆసుపత్రికి పరుగెత్తవలెను. రెప్పల చాటున చిక్కిన నలుసులను వైద్యులు తీస్తారు. ఆమ్లం చాలావరకు పైపొరతో ఆగుతుంది. సున్నం లోనికి దిగుతూ పోతుంది.

నల్లగ్రుడ్డూ తెల్లగ్రుడ్డూ కలిసే అంచున లింబస్ అనే సన్నని వలయం వున్నది. కార్నియా పైపొర అరుగుతూంటే క్రొత్తపొరకు విత్తనం అక్కడినుండే వస్తుంది. ఆ మూలకణములు మాడిపోతే తెల్లగ్రుడ్డు పొర రక్తనాళములతో సహా ప్రాకి చూపును కప్పివేస్తుంది. చనిపోయినవారి కార్నియా తెచ్చి అతికినా నిలువదు, విత్తనమే లేదు గనుక.

డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థలో (సినిమా ప్రసాద్‌గారి దానమువల్ల వచ్చిన పేరది) 2001 ప్రాంతమున దీనికి చికిత్స ఆరంభించారు. రోగి మంచికంటి అంచునుండి నూకగింజంత ముక్క తీసి, కాన్పు తరువాత మాయనుండి సేకరించి శుద్ధిచేసిన ఉమ్మనీటిసంచి పొరమీద, రోగి రక్తపు సీరమే ఆహారంగా యిచ్చి, రెండు వారాలు పెంచి కంటిమీద పరుస్తారు.

మన చత్రపట్టి మగ్గాలమీద నేసే బ్యాండేజి గుడ్డ సంగతి మనకు తెలిసినదే. నేసేటప్పుడు దుమ్ము పడినా, చివర ఆవిరిలో పెట్టి శుద్ధి చేయవచ్చును. ప్రాణమున్న కణాలను ఆవిరిలో పెడితే చస్తాయి. కావున మొదటి గడియనుండి కడవరకు గదీ, గాలీ, చేతులూ అన్నీ నిర్మలంగా వుండవలసినదే. పైగా ఒకరికై పెంచినది మరొకరికి పనికిరాదు. నిలవచేసి అమ్మే సరుకు గాదు. ఖర్చంతా అక్కడే! ఇటలీలో పెంచే హోలోక్లార్ అనే యిటువంటి చికిత్సకు ఐరోపాలో 2015లో షరతులతో అనుమతి వచ్చినది.

మాకు మాత్రం డాక్టర్ విరేందర్ సంగ్వాన్, సయన్ బసు మొదలయినవారు 2012లో ప్రకటించిన పద్ధతే ఎక్కువ నచ్చినది. ఆ చిన్నముక్కనే ఎనిమిది పది తునకలు చేసి, పొరమీద ఫైబ్రిన్ జిగురుతో అతికించి కంటిమీదనే పెరగనిస్తారు. ప్రయోగశాల అక్కరలేదు, పని ఒక్క కూర్చులో ముగుస్తుంది. చిన్నవూళ్ళ వైద్యులకు గూడ అందుబాటులోనిది.

రెండు కండ్లూ కాలినవారికి మాత్రం సొంతవిత్తనం వుండదు. అన్నో చెల్లెలో కంటినుండి చిన్నముక్క యివ్వవలెను. శరీరం దానిని త్రోసివేయకుండ చాలకాలం మందులు మ్రింగవలెను.