వంటగట్టు ఇరుకు

రుస్తాఖ్‌లో అద్దె ఇంట కాపురముంటున్న తెలుగు కుటుంబానికి వంటగట్టు చాలకపోతే, తప్పు ఇల్లు కట్టినవారిది మాత్రమే కాదు. మన పూర్వపు వంటింట్లో పనిస్థలం నేల. కత్తిపీట, రోలు, సన్నికల్లు, జాడీలు అన్నీ అక్కడే ఉండేవి. గ్యాసు పొయ్యితోపాటు పని యావత్తూ గట్టెక్కింది. చేసేవారు మాత్రం గట్టెక్కలేదు. పైగా మిక్సీ, గ్రైండరు, రైస్ కుక్కరు అక్కడే కాపురం పెట్టాయి.

ఇరుకు మనకే పరిమితం కాదు. 1926లో మార్గరెటె ష్యూటె-లిహోట్స్‌కీ ఫ్రాంక్‌ఫర్ట్ గృహసముదాయాలకై రూపొందించిన వంటగది వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. ఆమె స్థలాన్ని పెంచలేదు. వండేవారి అడుగులను లెక్కించింది. కిటికీ కింద కూర్చుని తరిగే బల్ల, గోడకు మడిచే ఇస్త్రీ బల్ల అందులో అమరాయి. అయితే అక్కడ ఒక్కరే నిలువగలరన్న విమర్శ న్యాయమైనదే.

సింకుకూ పొయ్యికీ నడుమనున్న జాగాయే అసలైన గట్టు. అద్దె ఇంట గోడలు కదలవు గనుక సామానే కదలాలి. వారానికొకసారి తిరిగే గ్రైండరును చక్రాల బల్లపైకి దించి, సింకుపై చెక్కపలక పరిస్తే, కూర తరగడానికి రెండవవారికీ చోటు దొరుకుతుంది. భర్తల పాత సాకు అప్పుడు చెల్లదు.

స్వదేశంలో సొంత ఇంటికి కొత్త రాయి వేయించేవారు పాలరాయి జోలికి పోరాదు. అది కాల్షియం కార్బొనేటు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాని నునుపును తినివేస్తుంది. గ్రానైటుకు ఆ బెడద లేదు.