నష్టానికి అమ్మే పెట్టె

మదనపల్లె టమాటా మార్కెట్‌కు సరుకు తోలే రైతుకు ఎక్స్‌బాక్స్ వ్యాపారం గురించి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు. నారు నాటకముందే మండీ యజమాని పెట్టుబడికి అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ అని గట్టిగా అడగడు. కోతలు మొదలయ్యాక మాత్రం పంట ఆయన మండీకే రావాలి. దిగిన ప్రతి బాక్సు మీదా కమీషన్ పడుతుంది. నిబంధనలకు మించి పది శాతం దాకా కోస్తున్నారని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు. అడ్వాన్సు పద్దు ఒక్కటే చూస్తే మండీకి మిగిలిందేమీ లేదు. అలాగని మండీ యజమాని నష్టపోతున్నాడని జాలిపడే రైతు ఆ మార్కెట్లో ఎక్కడా కనిపించడు.

వీడియో గేమ్ కన్సోళ్ల విషయంలో మాత్రం ఆ జాలి ప్రపంచమంతా ఉంది. 2021 మేలో కాలిఫోర్నియాలో ఎపిక్ గేమ్స్, యాపిల్ కంపెనీల కేసులో సాక్షిగా వచ్చిన మైక్రోసాఫ్ట్ ఉన్నతోద్యోగి లోరీ రైట్, ఎక్స్‌బాక్స్ పెట్టెను తాము ఎన్నడూ లాభానికి అమ్మలేదని చెప్పారు. మరుసటి ఏడాది ఎక్స్‌బాక్స్ విభాగం అప్పటి అధిపతి ఫిల్ స్పెన్సర్ అంకె కూడా బయటపెట్టారు: ఒక్కో పెట్టె మీద 100 నుంచి 200 డాలర్లు చేతినుంచి పెట్టుకుంటున్నామని. ఈ మాటలు అబద్ధమని నేననను. కాకపోతే రైట్ సాక్ష్యం ఎవరికి పనికొచ్చిందో చూడాలి. తన స్టోరులో జరిగే అమ్మకాల మీద యాపిల్ 30 శాతం తీసుకోవడం అన్యాయమన్నది ఎపిక్ వాదన. కన్సోల్ కంపెనీలూ అంతే తీసుకుంటున్నాయి కదా అంటే, అవి యంత్రం మీద నష్టపోతున్నాయి గనుక ఆ కోతకు అర్థముందన్నది ఎపిక్ జవాబు. అలా కోర్టులో ‘నష్టం’ అన్న మాట 30 శాతానికి సమర్థనగా నిలబడింది. ఎక్స్‌బాక్స్ లాభనష్టాల పత్రాలు ముందు పెట్టకుండానే ఈ సాక్ష్యం చెప్పించారని యాపిల్ అభ్యంతరపెట్టింది కూడా.

కన్సోల్ మీద కంపెనీలకు లాభమా, నష్టమా అని ఎవరైనా అడిగితే, ఏ కంపెనీ, ఏ పెట్టె, ఏ ఏడాది అని తిరిగి అడగాల్సిందే. సోనీ 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3ని అమెరికాలో 499, 599 డాలర్లకు విడుదల చేసింది. దాన్ని విప్పి విడిభాగాలకు ఖరీదు కట్టిన ఐసప్లై సంస్థ, తయారీకే 800 డాలర్లు దాటి ఉంటుందని అంచనా వేసింది. సెల్ అనే కొత్త ప్రాసెసరు, అప్పటికింకా ఖరీదైన బ్లూరే డ్రైవు అందులో ఉన్నాయి. 2007 మార్చితో ముగిసిన ఏడాదిలో సోనీ గేమ్స్ విభాగం మూటగట్టుకున్న నష్టం 23 వేల కోట్ల యెన్‌ల పైమాటే. ఆ నవంబరులోనే నింటెండో ‘వీ’ 249 డాలర్లకు వచ్చింది. పాతకాలపు చిప్పులు, చేత్తో ఊపే రిమోటు తప్ప అందులో ఆర్భాటమేమీ లేదు. మొదటినుంచీ లాభానికే అమ్ముడైంది. అంతటి నింటెండో కూడా 2011లో 3డీఎస్ ధరను 250 డాలర్ల నుంచి 170కి దించి, నష్టానికి అమ్ముకోవాల్సి వచ్చింది. అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతాన్ని సగానికి కోసుకున్నారు. ప్లేస్టేషన్ 5 కథ మరో తీరు. 2020 నవంబరులో నష్టంతో మొదలైన 499 డాలర్ల మోడల్, 2021 ఆగస్టుకల్లా నష్టం నుంచి బయటపడిందని సోనీయే చెప్పింది.

ఈ లెక్కల వెనుక ఒక నమ్మకం ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ చిప్పులు చవకవుతాయి, మొదట్లో పోగొట్టుకున్నది తర్వాత వస్తుంది, మధ్యలో ధర తగ్గించి కొత్తవాళ్లను లాగొచ్చు అని. ఇప్పుడా నమ్మకం సడలింది. 2022 ఆగస్టులో చాలా దేశాల్లో, 2025 ఆగస్టులో అమెరికాలో ప్లేస్టేషన్ 5 ధర పెరిగింది. 2025లో ఎక్స్‌బాక్స్ ధరలూ పెరిగాయి. ఐదేళ్ల పాత పెట్టె కొత్తదానికంటే ప్రియం కావడం ఈ వ్యాపారంలో కనీవినీ ఎరగని సంగతి. అడ్వాన్సు ఇచ్చే ఓపిక మండీకి తగ్గిందన్నమాట.

నష్టానికి అమ్మడం ఎప్పుడు నిజంగా నష్టమో తెలియాలంటే, కొన్నవాడు తర్వాత ఏమీ కొనని చోటుకు వెళ్లాలి. అమెరికా వైమానిక దళం పరిశోధన విభాగం 1,700కు పైగా ప్లేస్టేషన్ 3 పెట్టెలను ఒకదానికొకటి కలిపి 2010లో కాండర్ అనే సూపర్ కంప్యూటర్‌ను నిలబెట్టింది. తక్కువ ధరకు అంత గణనశక్తి వాళ్లకు మరెక్కడా దొరకలేదు. వాళ్లు గేములు కొంటారా? కొనరు. సోనీకి ఆ పెట్టెల మీద ఒక్క డిస్కు కమీషన్ కూడా రాదు. అలా కలపడానికి వీలిచ్చిన, ఆ పెట్టెలో లినక్స్ నడుపుకొనే సౌకర్యాన్ని సోనీ అదే ఏడాది ఏప్రిల్‌లో తీసేసింది. భద్రత కోసమని కారణం చెప్పింది. కారణం అదొక్కటేనని నమ్మడం కష్టం.

ఇదే వ్యాపార సూత్రం మరో వేషంలో మన కుప్పానికి ఇరవై ఏళ్ల కిందటే వచ్చింది. 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ‘కుప్పం ఐ-కమ్యూనిటీ’ని ప్రారంభించింది. హెచ్‌పీకి అప్పట్లో కార్లీ ఫియోరినా సీఈఓ. కుప్పం, నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి సొంత నియోజకవర్గం. మూడు రాష్ట్రాలు కలిసే మూల, దాదాపు 3 లక్షల జనాభా, వాన మీద ఆధారపడ్డ సేద్యం. ఆ ప్రాంతాన్ని కంపెనీ ‘సజీవ ప్రయోగశాల’ అని పిలుచుకుంది. ఊళ్లలో సమాచార కేంద్రాలు పెట్టారు. అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చింది గ్రామీణ ఫొటోగ్రాఫర్ల పథకం. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, చేత్తో పట్టుకుపోగల ప్రింటరు, కరెంటు లేని చోట పనిచేసేందుకు సోలార్ ప్యానెలు ఇచ్చి, కొద్ది రోజుల శిక్షణతో ఊళ్ల మీదికి పంపారు. గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు, ప్రభుత్వ కార్యక్రమాలకు ఫొటో తీసి అక్కడికక్కడే చేతిలో పెట్టేవాళ్లు. అంతవరకు ఫొటో అంటే పట్నంలో స్టూడియోకు పోవాల్సిందే. ఆ మహిళలకు కొత్తగా రాబడి వచ్చిన మాట నిజం. విదేశీ మేనేజ్‌మెంటు పత్రికలు ఆ కథను మురిపెంగా రాసుకున్న మాటా నిజం.

అప్పట్లో హెచ్‌పీ లాభాల్లో సింహభాగం ప్రింటింగ్ విభాగానిది, ఆ విభాగంలో సింహభాగం సిరా కార్ట్రిడ్జ్‌లది. ప్రతి ఫొటోకూ ఒక ఖరీదైన కాగితం, కాసింత సిరా ఖర్చవుతాయి. ఆ ఖర్చును భరించాల్సింది కుప్పం పల్లెలో ఫొటో దిగే మనిషి. అతని జేబును బట్టే ఫొటో ధర ఉండాలి. సిరా ధర మాత్రం అతని జేబును అడిగి పెట్టింది కాదు. నేను దీన్ని కుట్ర అనడం లేదు, దానధర్మం అని కూడా అనలేను. పేదల ఊళ్లో ఈ సూత్రం నిలబడుతుందో లేదో చూద్దామని చేసిన పరీక్ష అది. మూడేళ్ల గడువు తీరాక 2005లో హెచ్‌పీ పక్కకు తప్పుకుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే బోర్డు ఫియోరినాను సాగనంపింది. ఈ రెంటికీ ముడిపెట్టడం నాకిష్టం లేదు కానీ, పథకం కంపెనీ పెద్దల ఆసక్తి మీద ఎంత ఆధారపడిందో అర్థం కావడానికి అది చాలు.

ఈ సూత్రాన్ని హెచ్‌పీ వాళ్లే ఎంతో సూటిగా చెప్పుకున్న సందర్భం 2024 జనవరిలో వచ్చింది. ఎవరైనా ప్రింటరు కొంటే అది వాళ్ల మీద మేం పెట్టే పెట్టుబడి, వాళ్లు సరిపడా ప్రింట్లు తీయకపోయినా, మా సిరా వాడకపోయినా అది చెడ్డ పెట్టుబడి అన్న అర్థంలో సీఈఓ ఎన్రికే లోరెస్ ఒక టీవీ చానల్‌తో మాట్లాడారు. కొనుగోలుదారు తన సొమ్ముతో యంత్రం కొని ఇంటికి తెచ్చుకున్నాననుకుంటాడు. కంపెనీ దృష్టిలో అతనే సరుకు పండించాల్సిన పొలం. బయటి కార్ట్రిడ్జ్ పెడితే పనిచేయకుండా ప్రింటర్లకు తాళాలు వేయడం, లైసెన్సు లేని డిస్కును కన్సోల్ తిప్పికొట్టడం ఒకే తాళపుచెవి గుత్తిలోవి.

భారతదేశానికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. ప్లేస్టేషన్ 5 ఇక్కడ 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చింది, 2022 నవంబరులో 54,990 అయింది. 499 డాలర్లను 2021 నాటి మారకం ధరతో గుణిస్తే నలభై వేలకు లోపే. దిగుమతి సుంకం, జీఎస్టీ కలిశాయి, ఒప్పుకుందాం. సోనీ సొంత కొత్త గేము అప్పట్లో ఒక్కోటి 4,999 రూపాయలు ఉండేది. కమీషన్ మీద నమ్మకం ఉన్న మార్కెట్‌కే కంపెనీ అడ్వాన్సు ఇస్తుంది. మన మీద ఆ నమ్మకం ఎప్పుడూ లేదు. దానికి కారణం కూడా ఉంది. ప్లేస్టేషన్ 2 రోజుల్లో మన ఊళ్లలో పెట్టెతో పాటు ‘చిప్’ వేయించి ఇవ్వడం మామూలు. నకిలీ డిస్కు యాభైకో వందకో దొరికేది. గంటకింతని వసూలు చేసి పిల్లల్ని ఆడించే చిన్న షాపులు వెలిశాయి. ఒక పెట్టె, వంద మంది ఆటగాళ్లు, కంపెనీకి కమీషన్ సున్నా. యంత్రం మీద నిక్కచ్చిగా లాభపడిన వ్యాపారి ఎవరైనా ఉంటే, అతను టోక్యోలోని సోనీలోనో రెడ్‌మండ్‌లోని మైక్రోసాఫ్ట్‌లోనో లేడు, ఆ షాపు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

సోనీ ప్రయత్నించకపోలేదు. 2009లో ‘హనుమాన్: బాయ్ వారియర్’ ప్లేస్టేషన్ 2కు వచ్చింది. తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్. పూర్తిగా భారత్‌లో తయారైన తొలి ప్లేస్టేషన్ గేముగా దానికి ప్రచారం దక్కింది. ఆట గొప్పగా ఉందని ఎవరూ అనలేదు, అది వేరే సంగతి. అప్పటికే ఆ పెట్టె తొమ్మిదేళ్ల ముసలిది.

ఆ తర్వాత ఇక్కడి ఆట ఫోన్లోకి మారింది. పెట్టెను చవగ్గా ఇచ్చి తర్వాత వసూలు చేసుకునే పని కూడా దానితోపాటే ఫోన్లోకి మారింది. 2015 ఆగస్టులో షియోమీ, అప్పటి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ద్వారా రెడ్‌మీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. 2018 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అధిపతి లే జున్, హార్డ్‌వేర్ మీద తమ నికర లాభం ఎన్నటికీ 5 శాతం దాటదని ప్రకటించారు. పుంగనూరు బజారులో ఆ ఫోన్ కొన్నవాళ్లకు సెట్టింగులు తెరిచినా ప్రకటన కనబడటం మొదలైంది. మిగతా శాతాలు ఎక్కడినుంచి వస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు ముందుకేసింది. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల హయాంలో ఆ కంపెనీ 2023 అక్టోబరులో 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొన్నది. ఒక కన్సోల్‌కే పరిమితమయ్యే గేముల పద్ధతి తనకు ఇష్టం లేదని ఆ కొనుగోలు కేసులో నాదెళ్ల కోర్టుకు చెప్పారు. 2024లో ఎక్స్‌బాక్స్ గేములు కొన్ని సోనీ పెట్టెలోకీ వెళ్లాయి. పక్క మండీకి కూడా తన సరుకు తోలుతున్న ఆసామికి, సొంత మండీ మీద నష్టం భరించాల్సిన అవసరం ఎంతకాలం ఉంటుంది?

ఈ కథలో అన్నిటికంటే ఖరీదైన బేరం చేసింది మాత్రం ఆటగాళ్లు కారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వాళ్ల ఉపాధ్యాయులకు కలిపి 5.18 లక్షల ట్యాబ్‌లు పంచింది. పెట్టెకు ఖజానా నుంచి డబ్బు కట్టింది. లోపలి పాఠాలు బైజూస్ ఉచితంగా ఇస్తుందని చెప్పింది. ప్రపంచమంతా పెట్టెను ఎరగా వేసి లోపలి సరుకుకు డబ్బు లాగుతుంటే, మనం ఎరను పూర్తి ధరకు కొని సరుకు ఉచితమని సంబరపడ్డాం. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఐదు లక్షల పెట్టెలు ఒక్కసారే కొనే ప్రభుత్వానికి ఏ ఒక్క కొనుగోలుదారుకూ లేని బలం ఉంది. రేపు ఏ పార్టీ ప్రభుత్వం ట్యాబులకో, తరగతి గదుల్లో స్మార్ట్ టీవీలకో టెండరు పిలిచినా, పెట్టె ధర ఒక్కటే అడిగితే చాలదు. ఐదేళ్లకు బ్యాటరీ, మరమ్మతు, పాఠాల హక్కులు, ఆ పాఠాలిచ్చే కంపెనీ మూతపడితే వేరే పాఠాలు ఎక్కించుకునే స్వేచ్ఛ, అన్నిటికీ కలిపి ఒకే అంకె రాయించుకోవాలి.